మంచంలా అల్లిన చక్రం

మా ఇంట్లో సైకిల్ ఎక్కి తొక్కేది కాదు, పట్టుకుని నడిచేది. మా ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయాక కామారెడ్డి ఆసుపత్రిలో చాలా రోజులు ఉన్నాం. ఇంటికి పంపేటప్పుడు వాళ్లు నాలుగు కాళ్ల స్టీలు స్టాండు ఒకటి కొనిపించారు. దాన్ని ముందు పెట్టి ఒక అడుగు వేయాలి, మళ్లీ దాన్ని జరిపి ఇంకో అడుగు వేయాలి. మా ఊరు ఎల్లారెడ్డికి వచ్చిన రోజే ఆయన దాన్ని గోడకు నిలబెట్టి దాని మీద తువ్వాల ఆరేశాడు. ఆ తర్వాత దాని మీద నా చీరలు ఆరాయి, దుప్పట్లు ఆరాయి, ఆయన చెయ్యి మాత్రం పడలేదు.

"గదాన్ని పట్టుకుంటే రోగమొచ్చినోడని ఊరంత నిలబడి చూస్తది," అన్నాడు. "నవ్వేటోళ్ల ముంగట జారిపడ్డట్టు ఎందుకే?"

ఒకనాడు పొద్దున బర్రెకు కుడితి పెట్టి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. వాకిట్లో సైకిల్ కూడా లేదు. రోడ్డు మీదికి ఉరికి చూస్తే ఆయన కాలువ వైపు పోతున్నాడు. సైకిల్‌ను కుడి పక్కన పెట్టుకుని, కుడి చేత్తో హ్యాండిల్ పట్టి, ఒంటి బరువంతా దాని మీద వేసి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. నేను నోరు తెరిచే లోపల ఎదురొచ్చిన ఒకాయన అడిగాడు, "ఎటు పోతున్నవ్ పటేలా?" అని.

"మడి కాడికి," అన్నాడు మా ఆయన.

ఆ రెండు మాటలు అన్నప్పుడు ఆయన మెడ నిటారుగా ఉంది. ఆసుపత్రిలో అన్ని రోజుల్లో ఆ మెడను నేను అట్లా చూడలేదు. తిడదామని వెళ్లినదాన్ని తిట్టకుండానే ఇంటికి వచ్చాను. నాకు నోరెక్కువని మా వాడలో పేరు, ఆ రోజు మాత్రం నోరు నా మాట విన్నది.

అప్పటి నుంచి రోజూ అదే నడక. టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించుకునేవాడు, అందులో అన్నం ఉన్నా లేకున్నా. పోచారం కాలువ కింద మాకున్న మడి దగ్గర కాసేపు నిలబడి, నీళ్లు చూసి, దారిలో పదిమందితో మాట్లాడి ఎండ ఎక్కేసరికి వచ్చేవాడు. వానాకాలం పంట కోసే నాటికి ఎడమ కాలు ఈడ్చడం తగ్గి, ఎత్తి వేయడం మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో కాళ్లు చేతులు ఆడించే అమ్మాయి ఒకతె ఉండేది. వచ్చే ముందు ఆ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి చెప్పింది, "ఊకె కూసోబెట్టకమ్మా. నడవని కాలు నడక మర్చిపోతది. మల్ల గుర్తు చేయాల్నంటే మాతోని గూడ గాదు," అని. సైకిల్ ఆ అమ్మాయి చెప్పిన పని చేస్తున్నదని నేను లోపల సంతోషపడ్డాను. బయటికి మాత్రం, "రోగం వచ్చినా సవారి పోలే," అని ఎత్తిపొడిచేదాన్ని.

యాసంగి నాట్లకు పొలాలు దున్నే రోజుల్లో అది జరిగింది. హోటల్ దగ్గర సైకిల్‌ను గోడకు ఆనించి ఆయన చాయ్ తాగుతున్నాడు. బురద పొలంలో దున్నడానికి ట్రాక్టర్లకు టైర్లు తీసి పెద్ద ఇనుప చక్రాలు బిగిస్తారు. అట్లాంటి ట్రాక్టర్ ఒకటి వెనక్కి వస్తూ సైకిల్ ముందు చక్రం మీదికి ఎక్కింది. ఆయనకు ఏమీ కాలేదు, గీత కూడా పడలేదు. కానీ ఇంటికి ఎట్లా రావాలి? ఎవరో ఆటో ఎక్కించి, సైకిల్‌ను ఆటో మీద కట్టి పంపారు. ఇద్దరు పట్టుకుని ఆయనను దింపుతుంటే వాడకట్టు అంతా బయటికి వచ్చి చూసింది. ఆయన తల దించుకుని లోపలికి వచ్చి మంచం మీద పడుకున్నాడు. ఆ పడుకోవడం పడుకోవడమే.

మరునాడు లేపితే లేవలేదు. పక్కింటి వాళ్ల సైకిల్ అడిగి తెచ్చాను. ఒకసారి చెయ్యి వేసి తీసేశాడు. దాని హ్యాండిల్ కిందికి ఉందట, తన ఎత్తుకు సరిపోదట. స్టాండు సంగతి ఎత్తితే ముఖం గోడకు తిప్పుకున్నాడు. నాకు భయం మొదలైంది. కాలు మర్చిపోతుందన్న ఆ అమ్మాయి మాట చెవిలో గింగిర్లు తిరుగుతున్నది. ఇక ఈ మనిషిని లేపాలంటే ఆ సైకిలే బాగు కావాలి.

ఎల్లారెడ్డిలో ఒకప్పుడు సైకిల్ షాపులకు కొదవ లేదు. ఇప్పుడు ఒకదాంట్లో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు, ఇంకోదాంట్లో మోటార్ సైకిళ్లే బాగు చేస్తున్నారు. ఉన్న ఒక్కాయన దగ్గర పిల్లల సైకిళ్లకు పనికొచ్చే రెడీమేడ్ చక్రాలు ఉన్నాయి, మా పెద్ద సైకిల్‌కు సరిపోయేది లేదు. "కామారెడ్డి పోరాదమ్మా," అన్నాడు. సరే, ట్రాక్టర్ తొక్కిన ఆ చక్రాన్నే చేత పట్టుకుని బస్సెక్కాను.

కండక్టర్ నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టి, చక్రం వైపు చూశాడు. "నీకు ఫ్రీ గని దీనికి గాదక్కా," అన్నాడు.

"ఇది ఆడదో మగదో చూసి చెప్పు తమ్మి, మగదైతే టికెట్ తీసుకుంట," అన్నాను. బస్సంతా నవ్వింది, కండక్టర్ కూడా నవ్వి ముందుకు పోయాడు. లింగంపేట దాటిందాకా ఆ నవ్వు నాతో ఉంది, ఆ తర్వాత మళ్లీ భయమే.

కామారెడ్డిలో పాత సైకిల్ సామాన్లు దొరికే దుకాణంలో రిమ్ము ఉంది, పుల్లలు అంటే స్పోకులూ ఉన్నాయి. చక్రం నడుమ ఇరుసు ఉండే హబ్బు చెక్కు చెదరలేదు, అదే పనికొస్తుందన్నాడు షాపు ఆయన. అవన్నీ కలిపి చక్రం కట్టే మనిషే లేడు. "మా మేస్త్రి పెండ్లికని నిజాంబాద్ పోయిండు. ఈడ పెట్టి పో, వచ్చినంక చేయిస్త. పదిరోజులైతది," అన్నాడు.

పది రోజులంటే ఆయన పది రోజులు పడుకునే ఉంటాడు. నాకు కోపం వస్తే ముందు నోరు, ఆ తర్వాత చేతులు పని చేస్తాయి, బుద్ధి అన్నిటికన్నా వెనుక వస్తుంది. "ఇయ్యి, నేనే కడుత," అన్నాను. షాపు ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి సామాను కట్టిచ్చాడు. పుల్లలు బిగించే చిన్న పానా కూడా ఇచ్చాడు. కొరివితో తల గోక్కుంటున్నానని బస్సులో కూర్చున్నాక గానీ తెలియలేదు.

ఇంటికి వచ్చి సామాను వాకిట్లో పరిచాను. మా ఆయన మంచం మీద నుంచే చూసి, "ఏందే ఇది? బిగించుకొస్తివనుకుంటే పుల్లలు పట్టుకొచ్చినవ్," అన్నాడు.

"నేనే కడుత. మంచం అల్లేది నీకు తెల్సు గదా, నువ్వు చెప్పు, నేను చేస్త."

ఎందుకన్నానో అన్నాను కానీ, ఆ మాట పని చేసింది. ఆయన మోచేతి మీద లేచాడు, నెమ్మదిగా కూర్చున్నాడు. మా ఆయనకు నులక మంచం అల్లడం పెట్టింది పేరు. ఒళ్లు బాగున్నప్పుడు మా వాడలో ఎవరి మంచం నులక తెగినా ఈయన దగ్గరికే తెచ్చేవారు. ఆయన అల్లిన మంచం మీద రూపాయి బిళ్ల వేస్తే ఎగురుతుందనేవారు. ఎడమ చెయ్యి పడిపోయాక ఆ పని పోయింది. ఇప్పుడు ఆ పని గుర్తుచేసేసరికి కళ్లలోకి ప్రాణం వచ్చింది. నాకు అది చాలు అనిపించింది.

మొదటి పొరపాటు నాదే. పాత చక్రం పుల్లలన్నీ కటింగ్ ప్లేయర్‌తో తెంపి కుప్ప పోశాక గుర్తొచ్చింది, అవి ఏ వరసలో ఉన్నాయో చూడనే లేదని. "అదృష్టం, ఎనక చక్రం ఉన్నది. లేకుంటే ఏం జూస్తువు?" అన్నాడు. సైకిల్‌ను తలకిందులు చేసి, సీటు మీద, హ్యాండిల్ మీద నిలబెట్టి వెనుక చక్రాన్ని చూస్తూ కూర్చున్నాను. వెనుక దానికి పుల్లలు ఎక్కువ, ముందు దానికి తక్కువ, లెక్క కలవదు కానీ వరస ఒక్కటే. హబ్బు అంచున రంధ్రంలో ఒక పుల్ల బయటి నుంచి లోపలికి పోతే దాని పక్కది లోపలి నుంచి బయటికి వస్తుంది. ఒకటి ముందుకు వాలితే ఇంకోటి వెనక్కి వాలి, ఒకదాని మీదుగా ఒకటి పోయి రిమ్ముకు అందుతుంది. కొస దగ్గర చిన్న ఇత్తడి నట్టు పట్టుకుంటుంది. చూస్తే నిజంగానే అల్లికే. మాకిద్దరికీ ధైర్యం వచ్చింది.

"వదులుగ పెట్టకు," అన్నాడు ఆయన. "నులక అల్లేటప్పుడు పేట పేటకు గుంజాలె. అప్పుడు గుంజందే తర్వాత బిగువు రాదు. ఒక్కొక్క పుల్ల గట్టిగ బిగించి ఇంకోదానికి పో."

నేను అట్లాగే చేశాను. ఒక పుల్ల ఎక్కించడం, పానాతో కదలకుండా బిగించడం, ఆయనకు చూపించడం. ఆయన కుడి చేత్తో పుల్లను నొక్కి చూసి, "ఆ, గట్ల," అనేవాడు. ఆ పొద్దు మా ఇంట్లో పండగలా ఉంది. సగం దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత పుల్లలు రిమ్ముకు అందడం మానేశాయి. నేను రిమ్మును మోకాలితో నొక్కిపట్టి, పుల్లను ప్లేయర్‌తో గుంజి, చెమటలు కక్కుతూ నట్టు ఎక్కించాను. చివరివి ఎట్లా ఎక్కాయో నాకే తెలియదు. చేతుల తోలు లేచింది.

అయిపోయాక సైకిల్‌కు తగిలించి తిప్పాను. చక్రం ఒక్క చుట్టు కూడా తిరగలేదు. ఒకసారి ఈ పక్క ఇనుముకు, ఇంకోసారి ఆ పక్క ఇనుముకు తాకి ఆగిపోయింది. కాల్చిన అప్పడంలా వంకర తిరిగి ఉంది.

"నీ చేతుల పని గిట్లనే ఉంటది," అన్నాడు ఆయన.

"నువ్వు చెప్పినట్టే చేసిన."

"నేను చెప్పింది ఒకటి, నువ్వు చేసింది ఒకటి. ఆడరాక మద్దెల ఓడన్నట్టు."

"మద్దెల నువ్వే అయ్యా. బిగించు బిగించు అన్నదెవ్వరు? ఇది మంచమా? నీకు మంచం తప్ప ఏం తెల్సు?"

అనేశాను. మాట నోటి నుంచి దాటాక వెనక్కి రాదు. ఆయన కుడి చేత్తో ఎడమ చేతిని తీసి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కాసేపయ్యాక పడుకుని గోడ వైపు తిరిగాడు. ఆయనకు మిగిలిన విద్య అదొక్కటే, అది కూడా పనికిరాదని నేను చెప్పినట్టయింది. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే పానా తీసుకుని, బిగించిన పుల్లలన్నీ విప్పడం మొదలుపెట్టాను.

విప్పుతుంటేనే అర్థమైంది. ఒక పుల్ల వదులు చేస్తే రిమ్ము అటు పక్క నుంచి ఇటు జరుగుతున్నది. మంచానికి కోళ్లూ పట్టెలూ ఉంటాయి, ఎంత గుంజినా అవి కదలవు, అందుకే గుంజింది గుంజినట్టే ఉంటుంది. చక్రానికి కదలనిది ఏదీ లేదు. ఒక పుల్లను గట్టిగా గుంజితే రిమ్మంతా ఆ పుల్ల వెంటే పోతుంది, మిగతావాటికి అందకుండా పోతుంది. అన్నీ వదులుగా ఎక్కించి, ఆ తర్వాత అన్నిటినీ కొంచెం కొంచెంగా, చుట్టూ తిరుగుతూ బిగించాలి. ఈ మాట ఆయనకు చెబుదామని పిలిచాను. నిద్రపోతున్నట్టు నటించాడు.

ఆ తర్వాతి రోజుల్లో ఆ పనికి నాకు సరిగా తీరిక దొరకలేదు. నాట్లు మొదలయ్యాయి. నారు పీకే వాళ్ల వెంట ఉండాలి, కూలీలకు ఆటో మాట్లాడాలి, మా వంతు నీళ్లు వచ్చినప్పుడు మడి దగ్గర ఉండాలి. ఆయన చేసే పనులు కూడా నా మీదే పడ్డాయి. పొద్దు వాలాక కాళ్ల బురద కడుక్కుని వాకిట్లో చక్రం ముందు కూర్చునేదాన్ని. పుల్లలన్నీ వదులుగా వేలాడుతూ ముసలివాళ్ల పళ్లలా కదులుతుంటే ఆయన ఉండబట్టలేక మళ్లీ లేచి కూర్చున్నాడు.

"గిట్ల వదులు పెడితే ఏడ నిలుస్తది?" అన్నాడు.

"ఊకో. జూడు."

రిమ్ము ఎక్కడ పక్కకు వస్తున్నదో తెలియడానికి సైకిల్ ముందు ఇనుముకు ఒక బలపం ముక్క కట్టాను. చక్రం తిప్పితే పక్కకు వచ్చిన చోట బలపం గీత పడుతుంది. గీత పడ్డ దగ్గర అవతలి వైపు పుల్ల కొంచెం బిగించాలి, ఇవతలి వైపుది కొంచెం వదలాలి. ఒక చోట సరి చేస్తే ఇంకో చోట వంకర లేస్తుంది. సముదాయించలేని పిల్లలను ఒకచోట కూర్చోబెట్టినట్టు ఉండేది ఆ పని. ఒక సాయంత్రం విసుగొచ్చి చక్రాన్ని తీసి ఆయన మంచం మీద పడేశాను.

ఆయన దాన్ని ఒడిలో పెట్టుకుని, వేలితో ఒక పుల్లను మీటాడు. టింగుమంది. పక్కది మీటాడు, అది మెత్తగా మోగింది. "ఇది వదులున్నది," అన్నాడు. "పానా ఇటు తే." కుడి చేత్తో పానా తిప్పి మళ్లీ మీటాడు. రెండూ ఒకే తీరుగా మోగాయి. ఆ రోజు నుంచి నేను చక్రం పట్టుకోవడం, ఆయన మీటి బిగించడం. పుల్లలు మోగుతుంటే వాడకట్టు పిల్లి కూడా వచ్చి కూర్చునేది. నా మీద కోపం పోయిందో, పనిలో పడి మర్చిపోయాడో నేను అడగలేదు.

మధ్యమధ్యలో, "జర లేచి నాలుగడుగులు వేయరాదు," అనేదాన్ని. "చక్రం కానియ్యి, అప్పుడు నడుస్త. ఇప్పుడు నన్ను పట్టుకుని వాకిట్ల తిప్పకు," అనేవాడు. చక్రం మీద వంగి ఆయన అంత ఇష్టంగా కూర్చుంటే కసిరి లేపడానికి నాకు మనసు రాలేదు. ఇంకా రెండు రోజులు, ఇంకా రెండు రోజులు అనుకుంటూ పోయాం. కామారెడ్డి మేస్త్రి పెండ్లి నుంచి వచ్చి ఎన్ని చక్రాలు కట్టి ఉంటాడో, మాది మాత్రం నాట్లు అయిపోయి వరి పచ్చబడిందాకా పట్టింది.

చివరికి ఒకనాడు తిప్పితే బలపం తాకకుండా చక్రం తిరిగింది. కాస్త ఊగుతుంది, లేదని అనను. గాలి కొట్టే వాల్వు రంధ్రం మీద రెండు పుల్లలు దగ్గరగా వచ్చాయి, పంపు మూతి పట్టించాలంటే వేళ్లు నలుగుతాయి. అయినా చక్రమే. ట్యూబు, టైరు ఎక్కించి, గాలి కొట్టి, సైకిల్‌ను నిలబెట్టి వాకిట్లో అటూ ఇటూ నడిపాను. నా అంత మొనగత్తె ఎల్లారెడ్డిలో లేదనిపించింది.

పొద్దున్నే ఆయన తలస్నానం చేయించుకున్నాడు. ఉతికిన అంగీ వేసుకున్నాడు. టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కు తగిలించమన్నాడు. నేను ఎడమ వైపు పట్టుకుని లేపి, సైకిల్ దగ్గరికి తెచ్చాను. కుడి చేత్తో హ్యాండిల్ పట్టుకున్నాడు, బరువు దాని మీద వేశాడు. చక్రం తట్టుకుంది, ఆ బరువుకు ఒక్క పుల్ల కూడా మూలగలేదు. "మంచిగున్నది," అన్నాడు. కుడి కాలు వేశాడు. తర్వాత ఎడమ కాలు రావాలి. రాలేదు. మోకాలు కర్రలా బిగుసుకుని మడమ నేలకు అంటుకుపోయింది. ఆయన పెదవి కరుచుకుని ఇంకోసారి కాలు లేపబోయాడు. సైకిల్ చేతి నుంచి జారకుండా ముందుకు పోతున్నది, కాలు మాత్రం కదలడం లేదు. నేను నడుం పట్టుకోకపోతే పడేవాడు.

మంచం మీద కూర్చోబెట్టాను. అంగీ గుండీలు ఒక చేత్తో ఆయనే విప్పుకున్నాడు. "చక్రం మాత్రం మంచిగొచ్చింది," అన్నాడు మళ్లీ. నాకు ఆ చక్రాన్ని ఎత్తి కాలువలో పడేయాలనిపించింది. మేము దాన్ని నిలబెట్టిన రోజులే ఆయన కాలు పడిపోయిన రోజులు. అప్పుడు మేమిద్దరం సుఖంగా ఉన్నాం కూడా, అది ఇంకా బాధ.

ఆసుపత్రికి తీసుకుపోతే కాళ్లు ఆడించే అమ్మాయి ఆయన మోకాలు మడిచి చూసి నా వైపు చూసింది. "రోజు నిలబెట్టాలె. నొప్పైనా నిలబెట్టాలె. మల్ల రావచ్చు, రాకపోవచ్చు," అంది. ఇంటికి వచ్చాక నేను నిలబెడదామంటే ఆయన ఒప్పుకోలేదు. "ఎందుకే, ఎవ్వరు చూస్తున్నరని?" అన్నాడు. కాలు కంటే ముందు మనసు పడుకున్నది.

నీళ్ల వంతు వచ్చిన రోజు నేను మడికి పోతుంటే, "సైకిల్ తీస్కపో. ఊకె నిలబెడితే టైరు పగుల్తది," అన్నాడు. నాకు తొక్కడం రాదు, పట్టుకుని నడిచాను. కాలువ గట్టు మీద జనం ఉన్నారు, మోటార్లు నడుస్తున్నాయి, ఎవరి పొలం గొడవ వాళ్లది. సాయంత్రం వచ్చాక ఆయన నీళ్లు పారాయా అని అడిగాడు, ఒడ్లు తెగలేదు కదా అని అడిగాడు. ఆ తర్వాత గోడ వైపు చూస్తూ, "నా గురించి ఎవ్వరన్న అడిగిండ్రా?" అన్నాడు.

ఎవ్వరూ అడగలేదు. కనబడితే పలకరిస్తారు, కనబడని మనిషి గుర్తుకు రాడు, అందులో వాళ్ల తప్పు కూడా ఏమీ లేదు. కానీ ఆ ముఖం చూశాక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"అడగకేం?" అన్నాను. మా మడికి అవతల ఒకాయన మడి ఉంది. అతను మా ఆయనను అన్నా అంటాడు. నోటికి ముందు వచ్చింది ఆ మనిషే. "అవతలి మడి తమ్ముడు అడిగిండు. అన్న గట్టు మీద నిలబడకుంటే నీళ్లు ఎవ్వలకు పోతున్నయో తెలుస్తలేదన్నడు."

"నువ్వేమన్నవ్?"

"జర కాలు నొస్తుంది, నాల్గు రోజులల్ల వస్తడన్న."

"నన్ను అడగకుండ గట్ల మాటెందుకిచ్చినవే," అని విసుక్కుని, కాసేపటికి, "సరే, లేపు," అన్నాడు.

దర్వాజ పట్టుకుని నిలబడ్డాడు. నొప్పికి కళ్ల వెంట నీళ్లు కారాయి, అయినా కూర్చుంటానని అనలేదు. అప్పటి నుంచి పొద్దున నేను సైకిల్ పట్టుకుని మడికి పోవడం, సాయంత్రం వచ్చి ఎవరెవరు అడిగారో చెప్పడం. హోటల్ ఆయన అడిగాడన్నాను, ట్రాక్టర్ డ్రైవర్ తప్పయిందన్నాడన్నాను, నాగిరెడ్డిపేట పోయే బస్సులో నుంచి ఎవరో కేక వేశారన్నాను. అవతలి మడి తమ్ముణ్ని అయితే రోజూ మాట్లాడించాను. అల్లిన కొద్దీ నాకు ఆ అల్లిక బాగా వచ్చింది. ఆయన మంచం నుంచి దర్వాజ దాకా, దర్వాజ నుంచి అరుగు దాకా గోడ పట్టుకుని రావడం మొదలుపెట్టాడు. ఎడమ కాలు ఇంకా లేవదు, ఈడుస్తాడు. వాకిలి ఇంతవరకు దాటలేదు.

మొన్న ఒకనాడు మధ్యాహ్నం ఆ తమ్ముడే ఇంటికి వచ్చాడు. నేను చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాను. గ్లాసులు పట్టుకుని వస్తుంటే ఆ తమ్ముడి మాట వినబడింది. "నాట్లు పడంగనే గాంధారికి పోయిన అన్నా, బిడ్డకు పాణం బాగలేకుంటే. మా పొలం బామ్మర్ది చూసుకున్నడు. నిన్న రాత్రే వచ్చిన. నువ్వు నడుస్తలేవని ఇయ్యాలనే తెల్సింది, లేకుంటే రాకుంటనా?"

నేను గడప దగ్గరే ఆగిపోయాను. మా ఆయన నా వైపు చూడలేదు. "కూసో తమ్మి. బిడ్డకు ఎట్లున్నది?" అన్నాడు. ఇద్దరూ చాయ్ తాగారు, ఆ బిడ్డ జ్వరం గురించి మాట్లాడుకున్నారు, ఈసారి కాలువ నీళ్లు కొస దాకా వస్తాయో రావో అనుకున్నారు. ఆ తమ్ముడు వెళ్లిపోయాక ఆయన కళ్లు మూసుకుని పడుకున్నాడు. నేను అక్కడ ఉండలేక సైకిల్ తీసుకుని మడికి పోయాను. ఇక ఆయన లేవడనుకున్నాను. ఇంటికి పోవాలంటే కాళ్లు రాక, పని లేకున్నా గట్టు మీద కూర్చున్నాను.

పొద్దు వాలాక వచ్చి సైకిల్‌ను గోడకు ఆనించి కాళ్లు కడుక్కున్నాను. ఆయన అప్పటికే మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలిని కుడి చేత్తో ఎత్తి నేల మీద ఆనించుకుంటున్నాడు. అది సరిగ్గా ఆనింది. తర్వాత తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు.

"చెప్పు," అన్నాడు. "ఇయ్యాల ఎవరెవరు అడిగిండ్రు?"